జిద్దా రేవులో ఒక దువా



మొన్న శాబాన్ నెల మొదట్లో అమ్మీని తీసుకుని ఉమ్రాకు వెళ్ళొచ్చాను. అల్‌హందులిల్లాహ్, మక్కాలోనూ మదీనాలోనూ ఇబాదత్ తృప్తిగా జరిగింది. తిరుగు విమానానికి ముందు జిద్దాలో నాలుగు రోజులు మిగిలాయి. మా చెల్లెలి భర్త అక్కడ అజీజియాలో ఉంటాడు. పద్నాలుగేళ్లుగా డ్రైవరు కొలువు. "భాయీజాన్, పెద్ద పెద్ద మాల్స్ ఉన్నాయి, కార్నిష్ ఉంది, ఫౌంటెన్ ఉంది. ఎటు పోదాం?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే అమ్మీ అందుకుంది.

"నాకు అవేం వద్దు బేటా. హాజీల ఓడలు ఆగే రేవు ఒకటి ఉండాలి. అది చూపించు, చాలు."

మా బహనోయి నా మొహం చూశాడు. మన దేశం నుంచి హాజీల ఓడలు ఆగిపోయి ముప్పై ఏళ్లవుతోంది. ఆ సంగతి అతనికి తెలీదు. మా నానా సంగతి అసలే తెలీదు. చెల్లెలు కూడా ఎప్పుడూ చెప్పలేదట.

మా నానా బందరు ఇనగుదురుపేటలో దర్జీ. మిషను తొక్కి సంపాదించిన దాంట్లోంచి ఇరవై ఏళ్లు పైసా పైసా దాచి 1973లో హజ్‌కు బయల్దేరాడు. బందరు నుంచి రైలు, బొంబాయిలో సాబూ సిద్దీఖ్ ముసాఫిర్‌ఖానాలో బస, అక్కడి నుంచి ఓడ. హజ్ చేశాడు. మదీనా జియారత్ చేశాడు. జిద్దాలో తిరుగు ఓడ ఎక్కాడు. మూడో రోజు జ్వరం, ఐదో రోజు ఇంతెఖాల్. డెక్ మీదే జనాజా నమాజ్ చదివి, కఫన్‌కు బరువు కట్టి సమందర్‌లోకి దించారని వెంట ఉన్న ఊరివాళ్లు వచ్చి చెప్పారు. ఆయన సంచీ తెచ్చి ఇచ్చారు. అందులో జమ్‌జమ్ డబ్బా, ఖజూర్లు, తస్బీహ్, అమ్మీ కోసం కొన్న ఒక జత గాజులు. అప్పటికి అమ్మీకి పన్నెండేళ్లు.

షబే బరాత్ రోజు అందరూ ఖబరస్తాన్‌కు పోతే మా నానీ మాత్రం మంగినపూడి బీచ్‌కు పోయేది. "ఇది ఆ సముద్రం కాదు కదా నానీ" అని చిన్నప్పుడు నేనంటే, "నీళ్లన్నీ ఒకటే లేరా" అనేది.

అందుకని ఆ నాలుగు రోజులూ మేము జిద్దా చూసిన తీరు వేరుగా ఉంది. ఊరికే తిరగలేదు. ఒక రేవును వెతుక్కుంటూ తిరిగాం. ఆ వెతుకులాటలో ఈ ఊరి తారీఖ్ నాకు కొంత దొరికింది. మనవాళ్లు జిద్దాను ఏర్‌పోర్టు అనుకుని దాటిపోతారు. అది ఎంత పొరపాటో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

షుఐబా: జిద్దా కంటే ముందున్న రేవు

మొదటి రోజు ఫజర్ అయ్యాక దక్షిణంగా వంద కిలోమీటర్ల పైన ఉన్న షుఐబాకు వెళ్లాం. ఇప్పుడక్కడ సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే భారీ కర్మాగారం ఉంది. పక్కనే ఖాళీ ఇసుక తీరం. ఒడ్డుకు దగ్గర్లో తుప్పు పట్టిన ఓడ ఒకటి ఒరిగిపోయి ఉంటే కుర్రాళ్లు దాని ముందు ఫోటోలు దిగుతున్నారు.

ఇస్లాంకు ముందు మక్కా వాళ్ల రేవు ఇదే. నబీ కరీం సల్లల్లాహు అలైహి వసల్లం నుబువ్వత్ ప్రకటించిన ఐదో ఏట, అంటే క్రీ.శ. 615లో, ఖురైషుల జుల్మ్ భరించలేక ముస్లిముల మొదటి కాఫిలా హబ్షాకు హిజ్రత్ చేసింది ఇక్కడి నుంచే. పది పన్నెండు మంది మగవాళ్లు, నలుగురు ఆడవాళ్లు. తిజారత్ ఓడలు రెండు కనబడితే తలా అర దీనార్ కిరాయి ఇచ్చి ఎక్కారని తారీఖ్ కితాబుల్లో ఉంది. ఖురైషులు వెనకాలే తరుముకుంటూ వచ్చేసరికి ఓడలు కదిలిపోయాయి. ఆ కాఫిలాలో హజ్రత్ ఉస్మాన్ రజియల్లాహు అన్హు, ఆయన బీవీ, అంటే నబీగారి కూతురు హజ్రత్ రుఖయ్యా రజియల్లాహు అన్హా కూడా ఉన్నారు.

తర్వాత ముప్పై ఏళ్లు తిరిగేసరికి ఆ ఉస్మాన్‌గారే ఖలీఫా. హిజ్రీ 26, క్రీ.శ. 647లో మక్కా రేవును షుఐబా నుంచి జిద్దాకు మార్చింది ఆయనే. మక్కాకు జిద్దా దగ్గర. ఒకప్పుడు పారిపోతూ ఓడ ఎక్కిన మనిషి, హాకిం అయ్యాక వచ్చేవాళ్ల కోసం దగ్గర రేవు తెరిచాడు. ఈ మాట అమ్మీకి చెబితే "సుబ్‌హానల్లాహ్" అని కాసేపు ఊరుకుంది.

ఈ తీరానికి ఇంకో గొప్ప సంబంధం ఉంది. నబీగారికి ముప్పై ఐదేళ్ల వయసులో, అంటే నుబువ్వత్‌కు ముందే, ఖురైషులు కాబాను మళ్లీ కట్టారు. పైకప్పుకు కలప కావాలి. అరబ్బుల ఎడారిలో కలప ఎక్కడిది? అదే సమయంలో రూమీల ఓడ ఒకటి ఈ ఒడ్డున పగిలింది. జిద్దా తీరమని కొన్ని సీరత్ కితాబులు, షుఐబా అని కొన్ని అంటాయి. ఆ ఓడ చెక్కలు కొని మక్కాకు మోయించారు. బాఖూం అనే రూమీ వడ్రంగి చేత పని చేయించారు. అంటే కాబాకు అప్పుడు వేసిన పైకప్పు ఒక పగిలిన ఓడ చెక్కలతో వేసింది. ఒరిగిపోయిన ఆ తుప్పు ఓడను చూస్తూ నేను చాలాసేపు ఇదే ఆలోచించాను.

బలద్: పగడపు రాళ్ల ఊరు

రెండో రోజు పాత జిద్దా. దాన్ని అల్-బలద్ అంటారు, 'ఊరు' అని అర్థం. 'మక్కాకు దర్వాజా' అనే బిరుదుతో 2014లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మా బహనోయి ఈ దారిన వెయ్యిసార్లు బండి నడిపాడట, దిగి లోపలికి రావడం మాత్రం అదే మొదటిసారి. "డ్యూటీలో ఉన్నోడికి గోడలు కనబడతాయా భాయీజాన్" అన్నాడు. నిజమే. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లలో ఎంతమందికి తాము ఉంటున్న ఊరు చూసే ఫుర్సత్ ఉంటుంది?

ఇళ్ల గోడలు మామూలు రాయి కాదు. సముద్రంలోని పగడపు దిబ్బల నుంచి కోసిన రాయి. దగ్గరగా చూస్తే తేనెపట్టులా చిన్న చిన్న చిల్లులు. బరువు తక్కువ, కానీ మెత్తన. అందుకని గోడకు మధ్య మధ్య అడ్డంగా కలప దూలాలు పేర్చి బరువు సమానంగా పంచారు. ముందు వైపు చెక్కతో చేసిన పెద్ద పెద్ద కిటికీ గూళ్లు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. వాటిని రోషన్ అంటారు. గాలి లోపలికి వస్తుంది, ఎండ రాదు. లోపలి ఆడవాళ్లకు వీధి కనిపిస్తుంది, వీధికి లోపలివాళ్లు కనబడరు. మన పాత హవేలీల జాలీల పనే ఇది. ఈ టేకు చాలావరకు హిందుస్తాన్ నుంచి, జావా నుంచి ఓడల్లో వచ్చింది.

అన్నిటికంటే పేరున్నది నసీఫ్ గారి ఇల్లు. ఉమర్ నసీఫ్ ఎఫెందీ అనే పెద్దమనిషి 1872లో మొదలుపెట్టి 1881కి పూర్తి చేశాడు. ఏడాది ముట్టడి తర్వాత 1925 డిసెంబరులో జిద్దా లొంగిపోయినప్పుడు సుల్తాన్ అబ్దుల్ అజీజ్ వచ్చి బస చేసింది ఈ ఇంట్లోనే. ఈ ఇంట్లో ఉన్న వేల కితాబుల కుతుబ్‌ఖానా తర్వాత విశ్వవిద్యాలయానికి చేరింది.

కానీ అమ్మీ ఆ భవంతి చూడలేదు. దాని ముందున్న చెట్టు చూసింది. "ఇది మన వేప చెట్టు కదరా!" అని అరిచినంత పని చేసింది. అవును, వేపే. పందొమ్మిదో శతాబ్దంలో జిద్దా మొత్తానికి ఇదొక్కటే చెట్టని చెప్పుకునేవారు. ఊళ్లో ఎవరికైనా ఆనవాలు చెప్పాలంటే 'చెట్టున్న ఇల్లు' అంటే చాలు. అంతకు ఎనిమిది వందల ఏళ్ల ముందు, 1050 ప్రాంతంలో వచ్చిన ఫార్సీ ముసాఫిర్ నాసిర్ ఖుస్రో కూడా ఈ ఊళ్లో చెట్లు లేవనే రాశాడు.

చెట్లు లేవంటే నీళ్లు లేవని. వాన నీటిని నేల కింది తొట్లలో పట్టి, దాన్నే కొనుక్కుని తాగేవారు. ఉస్మానీ హుకూమత్ 1907లో సముద్రపు నీటిని మరిగించి ఆవిరి పట్టే యంత్రం ఒకటి పెట్టింది. కండెన్సర్ అనే ఇంగ్లీషు మాట అక్కడి వాళ్ల నోట్లో 'కిందాసా' అయింది. 1947లో వాదీ ఫాతిమా నుంచి గొట్టాల ద్వారా నీళ్లొచ్చాకే ఊరి దాహం తీరింది. అదే ఏడాది ఊరి చుట్టూ ఉన్న పాత గోడను కూడా పడగొట్టారు. నీళ్లొచ్చాయి, గోడ పోయింది, ఊరు నలువైపులా పాకిపోయింది.

ఆ గోడ కథ కూడా తెలుసుకోదగ్గదే. పోర్చుగీసు వాళ్లు హిందూ మహాసముద్రంలో దిగి హాజీల ఓడలను దోచుకోవడం మొదలుపెట్టాక, మిస్ర్ మమ్లూక్ సుల్తాన్ ఖాన్సూహ్ అల్-గౌరీ తన అమీర్ హుసేన్ అల్-కుర్దీ చేత ఈ గోడ కట్టించాడు. 1517లో పోర్చుగీసు నౌకాదళం జిద్దా మీదికి వచ్చింది. ఈ గోడ, ఫిరంగుల ముందు నిలవలేక వెనుదిరిగింది. ఆ రోజు జిద్దా పడి ఉంటే మక్కా దారి తెరుచుకునేది. సరిగ్గా అదే ఏడాది మిస్ర్ ఉస్మానీల వశమైంది, దానితో పాటు జిద్దా కూడా.

బలద్‌లో హజ్రత్ ఉస్మాన్ పేరున ఒక పాత మసీదు ఉంది. దాని మిహ్రాబు పక్కన రెండు నల్లని ఆబనూస్ స్తంభాలు. పురావస్తు వాళ్లు పరీక్షించి, ఆ కలప హిజ్రీ మొదటి రెండు శతాబ్దాల నాటిదనీ, సిలోన్ నుంచి వచ్చిందనీ 2024లో ప్రకటించారు. ఎక్కడి సిలోన్, ఎక్కడి జిద్దా!

కొబ్బరి తాడుతో కుట్టిన పడవలు

హాజీల బాధలు మా నానా కాలంలో మొదలైనవి కావు. 1183లో అందలుస్ నుంచి హజ్‌కు వచ్చిన ఇబ్న్ జుబైర్ ఎర్ర సముద్రం దాటి జిద్దాలో దిగాడు. ఆయన ఎక్కిన పడవలో ఒక్క ఇనుప మేకు లేదట. పలకలన్నీ కొబ్బరి పీచు తాడుతో కుట్టినవి. ఆ కలప, ఆ తాడు హిందుస్తాన్ వైపు నుంచి వచ్చేవే. ఓడల యజమానులు లాభం కోసం హాజీలను కోళ్ల గంపల్లో కుక్కినట్టు కుక్కేవాళ్లని, ఓడ ఇవ్వడం వరకే తమ పని, ప్రాణాలు కాపాడుకోవడం హాజీల పని అన్నట్టు ఉండేవాళ్లని ఆయన వాపోయాడు.

అంతకుముందు జిద్దాలో దిగిన ప్రతి హాజీ పన్ను కట్టాలి. కట్టలేని గరీబులను హింసించేవారు. సుల్తాన్ సలాహుద్దీన్ అయ్యూబీ దీన్ని రద్దు చేసి, బదులుగా మక్కా అమీర్‌కు ఏటా దీనార్లు, గోధుమలు పంపే ఏర్పాటు చేశాడు. ఆ సొమ్ము రావడం ఆలస్యమైతే మళ్లీ హాజీలనే ఆపేవారు. ఇబ్న్ జుబైర్ కాఫిలాకు కూడా ఆ గతి పట్టింది. దీన్ పేరున బయల్దేరిన గరీబు దారిలో ఎవరికో ఒకరికి ఆదాయం కావడం పాత కథే. ఏజెంట్ల చేతిలో మోసపోయి బొంబాయిలోనో హైదరాబాద్‌లోనో పాస్‌పోర్టు పట్టుకుని కూర్చునే వాళ్ల గురించి చదివినప్పుడల్లా నాకు ఆ కాఫిలా గుర్తొస్తుంది.

బందరు ఓడలు

ఇక మన సంగతికి వస్తాను. బందర్ అంటే ఫార్సీలో రేవు. మా ఊరి పేరే 'రేవు'. గోల్కొండ కుతుబ్‌షాహీ బాద్షాలకు సముద్రం మీద పెద్ద దర్వాజా మచిలీపట్నం. పదహారో శతాబ్దం చివర్లోనూ, పదిహేడో శతాబ్దంలోనూ అక్కడి నుంచి ఎర్ర సముద్రం వైపు, జిద్దా, మోఖా రేవులకు, ఓడలు బయల్దేరేవి. బాద్షాగారి సొంత ఓడలు కూడా అందులో ఉండేవి. నూలు బట్టలు, బియ్యం, నీలిమందు సరుకు. ఆ సరుకు మధ్యనే హాజీలు. మక్కా, మదీనా గరీబుల కోసం ఖైరాత్ బియ్యం కూడా వెళ్లేవి. తిరుగు దారిలో ఓడ నిండా వెండి, బంగారు నాణేలు. పోర్చుగీసు వాళ్లు దారి కాచి పట్టుకుంటారేమోనన్న ఖౌఫ్ వెళ్లేటప్పుడూ ఉండేది, వచ్చేటప్పుడూ ఉండేది.

అంటే మూడు నాలుగు వందల ఏళ్ల కిందట మా బందరు మనిషి బొంబాయి మొహం చూడకుండా, ఇంటి దగ్గర ఓడ ఎక్కి జిద్దాలో దిగగలిగేవాడు. 1687లో గోల్కొండ పడిపోయింది. మెల్లగా రేవు కంపెనీ చేతికి పోయింది. 1864 నవంబరు తుఫానులో ముప్పై వేల మంది కొట్టుకుపోయారు. ఆ దెబ్బ నుంచి బందరు మళ్లీ తేరుకోలేదు. మా నానా రైలెక్కి బొంబాయి పోవలసి వచ్చింది ఇందువల్ల.

బలద్ వీధిలో ఒక ఇంటి అరుగు మీద కూర్చుని ఇదంతా చెబుతుంటే, మా బహనోయి "ఈ ఊళ్లో మనం కొత్తవాళ్లం అనుకున్నానే" అన్నాడు. కాదు. ఇక్కడ మన తిజారతీల అడుగులు, మన బట్ట, మన బియ్యం, మన వేప అన్నీ ముందే ఉన్నాయి.

'జిద్దా' అనే ఓడ

ఆవిరి ఓడలు వచ్చాక సఫర్ రోజులు తగ్గాయి. కానీ హాజీలకు ఇజ్జత్ పెరగలేదు. 1880లో సింగపూర్, పెనాంగ్ నుంచి దాదాపు వెయ్యి మంది హాజీలతో ఒక ఓడ బయల్దేరింది. దాని పేరే 'జిద్దా'. ఆగస్టు 8న, ఆఫ్రికా కొమ్ము దగ్గర తుఫానులో బాయిలరు కదిలి నీళ్లు లోపలికి వస్తుంటే, ఇంగ్లీషు కెప్టెన్, అతని అధికారులు పడవ దింపుకుని వెళ్లిపోయారు. ఆడవాళ్లు, పిల్లలతో సహా హాజీలందరినీ ఓడలోనే వదిలేశారు. దారిలో మరో ఓడ వాళ్లను ఎక్కించుకుని అదన్ చేర్చింది. ఓడ మునిగిపోయిందని, అందరూ పోయారని అక్కడ చెప్పారు.

మర్నాడు ఇంకో ఓడ 'జిద్దా'ను లాక్కుంటూ అదన్ చేరింది. హాజీలు రాత్రింబగళ్లు నీళ్లు తోడి ఓడను నిలబెట్టుకున్నారు. విచారణ జరిగింది. కెప్టెన్‌కు పడిన సజా? లైసెన్సు మూడేళ్లు రద్దు, అంతే. జోసెఫ్ కాన్రాడ్ అనే నవలాకారుడు ఈ సంఘటన ఆధారంగానే 1900లో 'లార్డ్ జిమ్' రాశాడు. ఆ నవల దుఃఖమంతా పారిపోయిన దొరది. నీళ్లు తోడిన వెయ్యి మంది కథ ఎవరూ రాయలేదు.

1882 నుంచి దక్షిణం వైపు నుంచి వచ్చే హాజీలను కమరాన్ దీవిలో దింపి, కలరా భయంతో క్వారంటీన్‌లో ఉంచేవారు. జిద్దా దగ్గరికి వచ్చినా పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేకపోయేవి. పగడపు దిబ్బలు అడ్డం. దూరంగా లంగరు వేస్తే సంబూక్ అనే చిన్న పడవల్లోకి దించి తెచ్చేవారు. 1950ల మొదట్లో లోతైన రేవు కట్టాకే ఓడలు ఒడ్డుకు ఆనాయి. కాబట్టి మా నానా నేరుగా ఒడ్డు మీదే దిగి ఉంటాడు. ఈ ఒక్క వివరం చెప్పినప్పుడు అమ్మీ మొహం వెలిగింది. "అయితే పడవలోకి దూకే పని పడలేదన్న మాట. అబ్బాకు మోకాలి నొప్పి" అంది. యాభై ఏళ్ల తర్వాత కూడా ఆమెకు ఆ మోకాలి దిగులే.

బొంబాయి నుంచి జిద్దాకు హాజీల ఓడలు 1995తో ఆగిపోయాయి.

అమ్మ హవ్వా ఖబరస్తాన్

మూడో రోజు ఉదయం అమ్మారియా మొహల్లాలో ఉన్న ఉమ్మునా హవ్వా ఖబరస్తాన్ దగ్గరికి వెళ్లాం. 'మన అమ్మ హవ్వా' అని దాని అర్థం. హజ్రత్ ఆదం అలైహిస్సలాం బీవీ ఇక్కడ దఫన్ అయ్యారని శతాబ్దాలుగా జనం నమ్మకం. జద్దా అంటే అరబీలో నాయనమ్మ, దాన్నిబట్టే ఊరికి జిద్దా అనే పేరొచ్చిందని ఒక మాట. జుద్దా అంటే సముద్రపు ఒడ్డు, ఆ పేరే ఇది అని ఇంకో మాట. రెండోదే ఎక్కువమంది ఆలిముల మాట. హవ్వా కబ్ర్ ఇక్కడే ఉందని ఖుర్ఆన్‌లో లేదు, సహీహ్ హదీసులోనూ సాబిత్ కాలేదు.

అయినా చాలా కాలం ఇక్కడ నూరు అడుగులకు మించిన పొడవైన మజార్ ఉండేది. ఇబ్న్ జుబైర్ కూడా ఈ ఊళ్లో హవ్వా పేరుతో చెప్పుకునే పాత గుమ్మటం గురించి రాశాడు. షిర్క్‌కు దారితీస్తుందని 1928లో హిజాజ్ పాలకుడు అమీర్ ఫైసల్ హుకుంతో మజార్ కట్టడాన్ని పడగొట్టారు. తర్వాత 1975లో ఆ చోటును కాంక్రీటుతో మూసేశారు. ఇప్పుడు అది మామూలు ఖబరస్తాన్. పేర్లు లేని వరుసలు.

మా ఇంట్లోనే దీని మీద రెండు అభిప్రాయాలు. పడగొట్టడం దీన్ ప్రకారం సరైన పనే అంటాడు మా బహనోయి. నమ్మకం తప్పయినా, వందల ఏళ్ల తారీఖ్‌కు గుర్తు ఒకటి పోయిందే అని నా మనసు లాగుతుంది. మేమిద్దరం గోడ బయట నిలబడి వాదించుకుంటుంటే అమ్మీ సలాం చెప్పి, అందరు మర్హూముల కోసం దువా చేసుకుంది. కారెక్కాక అంది: "కబ్ర్ మీద రాయి లేకపోతే మనిషి లేనట్టా? మా అబ్బాకు రాయీ లేదు, మట్టీ లేదు. అల్లాహ్‌కు తెలీదా ఎక్కడున్నాడో?"

మా వాదన అక్కడితో ఖతం.

హుదైబియా, తాయిఫ్

అదే రోజు పాత మక్కా రోడ్డు మీద షుమైసీ దాకా వెళ్లాం. హుదైబియా ఇదే. హిజ్రీ 6, క్రీ.శ. 628లో ఉమ్రాకు వచ్చిన నబీగారిని, సహాబాలను ఖురైషులు ఇక్కడే ఆపారు. కాబా అంత దగ్గర, వెనక్కి వెళ్లాలి. సహాబాల గుండెలు బరువెక్కాయి. ఓటమిలా కనిపించిన ఆ సులహ్‌నే ఖుర్ఆన్ స్పష్టమైన విజయం అంది. రెండేళ్లకు మక్కా చేతికి వచ్చింది.

అక్కడి నుంచి తాయిఫ్. అల్-హదా ఘాట్ రోడ్డు కొండ చుట్టూ మెలికలు తిరుగుతూ పైకి పోతుంది. పైన చల్లగాలి, గులాబీ తోటలు. రాళ్లతో కొట్టించుకుని నెత్తురోడుతున్న నబీగారికి ఒక తోటలో అద్దాస్ అనే ఈసాయీ గులాం ద్రాక్షగుత్తి తెచ్చి ఇచ్చిన ఊరు ఇదే. హజ్రత్ అబ్దుల్లాహ్ ఇబ్న్ అబ్బాస్ రజియల్లాహు అన్హు ఆఖరి దినాలు గడిపింది కూడా ఇక్కడే. తాయిఫ్ గురించి విడిగా రాయాలి, ఇన్షాఅల్లాహ్.

రేవు దగ్గర

ఆఖరి రోజు మిగిలింది. ముందు పోర్టు గేటు దగ్గరికి వెళ్లాం. పర్మిట్ లేనిదే లోపలికి పోనివ్వరు. కాపలా కుర్రాడు అమ్మీ వీల్‌చెయిర్ చూసి లేచి నిలబడి, మర్యాదగా కుదరదన్నాడు. బలద్ అంచున ఉన్న బాబుల్ బన్త్ దగ్గరికి వెళ్లాం. పాతకాలం హాజీలు ఒడ్డెక్కిన చోటు అది. ఇప్పుడు సముద్రం అక్కడి నుంచి వెనక్కి జరిగింది, మట్టి పోసి పూడ్చేశారు. ఆ కట్టడాన్ని మ్యూజియంగా తీర్చిదిద్దారు. నేల మీద నీళ్ల జాడే లేదు.

అస్ర్ తర్వాత కార్నిష్ చేరాం. నీళ్లలో స్తంభాల మీద నిలబడిన రహ్మా మసీదు, దూరంగా 1985 నుంచి సముద్రపు నీటిని 260 మీటర్ల ఎత్తుకు ఎగజిమ్మే ఫౌంటెన్, పిల్లల గోల, చాయ్ అమ్మేవాళ్లు. దక్షిణం వైపు రేవు క్రేన్లు కనబడ్డాయి. "అదుగో అమ్మీ, రేవు అదే" అన్నాను.

వీల్‌చెయిర్ రాళ్ల దాకా పోలేదు. మా బహనోయి వంగి, అమ్మీని పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తుకుని రాళ్ల మీదుగా నీళ్ల దగ్గర దించాడు. ఆమె చెయ్యి నీళ్లలో ముంచింది. చేతికి గాజులు ఉన్నాయి. అవి ఆ సంచీలో వచ్చిన గాజులు. పన్నెండేళ్ల పిల్లకు వదులుగా ఉంటాయని పెద్ద సైజు కొన్నాడట నానా, పెరిగాక వేసుకోవచ్చని. అవి ఇన్నాళ్లూ పెట్టెలో ఉండేవి. ఈ సఫర్‌కే తీసింది. నాకు అప్పటిదాకా తెలీదు.

చాలాసేపు దువా చేసింది. ఏమడిగిందో నేను అడగలేదు. మగ్రిబ్ అజాన్ అయ్యాక అంది: "మీ నానీ చెప్పింది నిజమేరా. ఆ నీళ్లూ ఈ నీళ్లూ ఒకటే. కానీ ఒకసారి వచ్చి చూడాలి."

మర్నాడు ఏర్‌పోర్టుకు వెళ్లేటప్పుడు హజ్ టెర్మినల్ తెల్లటి ఖైమాలు కనిపించాయి. 1981లో తెరిచారు. రెండు వందల పది గుడారాలు, ఎడారి ఎండలో లక్షల హాజీలకు నీడ. ఆ కప్పు వెనక ఉన్న ఇంజనీరు ఢాకాలో పుట్టిన ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్. అమెరికాలో ఆకాశహర్మ్యాలు నిలబెట్టిన మనిషి. 1982లో పని మీద జిద్దాకే వచ్చి, ఇక్కడే ఇంతెఖాల్ చెందాడు. హాజీల కోసం నీడ కట్టిన మనిషి ఆఖరి శ్వాస కూడా హాజీల రేవులోనే.

ఉమ్రాకు వెళ్లే బిరాదరాన్‌కు, బహనోంకు ఒక్క మాట. జిద్దా కోసం ఒక్క రోజు ఉంచుకోండి. మాల్‌కు కాదు, బలద్‌కు వెళ్లండి. ఆ వేప చెట్టు కింద కూర్చోండి. మీ ఇంట్లో ఓడలో హజ్‌కు వెళ్లొచ్చిన పెద్దలు ఇంకా ఉంటే, వాళ్ల దగ్గర కూర్చుని అడిగి రాసుకోండి. ఏ ఓడ, ఏ ఏడాది, వెంట ఎవరు, సంచీలో ఏం తెచ్చారు, అన్నీ. నీళ్లు తోడిన హాజీల కథ ఎవరూ రాయలేదని ఇందాక అన్నాను. మన పెద్దల కథ మనం కూడా రాయకపోతే ఇంకెవరు రాస్తారు?

మా నానా కోసం ఒక్క దువా చేయండి. కబ్ర్ ఎక్కడని అడగకండి. అల్లాహ్‌కు తెలుసు.

వస్సలాం.